మీకోసం ఇంకొకరు ఏట్లో దూకే పరిస్థితి రాకుండా: గోదావరి సాహసాలకు ముందు, తర్వాత చేయాల్సినవి

పన్నెండేళ్ల కిందటి సంగతి. దిండి నుంచి అంతర్వేది దాకా గోదావరి వశిష్ఠ పాయలో కయాక్‌ల మీద, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల మీద, వెళ్దామని ముగ్గురం బయల్దేరాం. ముగ్గురికీ ఈత బాగా వచ్చు. ముగ్గురం ఏటిగట్టు పక్కన పుట్టి పెరిగినవాళ్లమే. కానీ ఆలస్యంగా బయల్దేరాం, దారిలో ఒక లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బ మీద, ఆగి అన్నం తిన్నాం. నర్సాపురం దాటేసరికి మధ్యాహ్నం రెండయింది. అప్పటికి పాటు మొదలైంది, అంటే నీరు సముద్రం వైపు లాగుతోంది. ఎదురుగా సముద్రం మీంచి గాలి. ఆ రెండూ ఎదురెదురైతే మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, అలలు నిలువుగా లేస్తాయని మాకు తెలియదు. ఒక కయాక్ తిరగబడింది. దాన్ని పట్టుకోబోయి రెండోదీ తిరగబడింది. కాస్త దూరంలో వల వేసుకుంటున్న ఒక బాబాయి మమ్మల్ని చూశాడు. వల తీసే టైమ్ లేదు. తాడు కోసేసి, ఇంజను పడవ మా వైపు తిప్పాడు. ముగ్గుర్నీ పైకి లాగాక ఆయన అడిగిన మొదటి మాట: "ఇంట్లో చెప్పొచ్చారా బాబూ?"

చెప్పి రాలేదు.

ఇక్కడ రాసేదంతా ఆ రోజు తర్వాత నేర్చుకున్నదే. మన ప్రాంతంలో ఎవరైనా నీళ్లలో ఇరుక్కుంటే మొదట చేరేది ఫైర్ వాళ్లో, ఎస్డీఆర్ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయక దళం) వాళ్లో కాదు. వాళ్లు వచ్చేలోపు చేరేది పక్కన వల వేసుకుంటున్న మనిషి, పంటు (జనాన్ని, బండ్లని ఏరు దాటించే పెద్ద పడవ) నడిపే మనిషి, రేవులో బట్టలు ఉతుకుతున్న మనిషి. వాళ్లకి హెల్మెట్ ఉండదు, లైఫ్ జాకెట్ ఉండదు. "నా ప్రాణం, నా ఇష్టం" అని మనం దిగుతాం కానీ, మనం కేక వేసిన క్షణం నుంచి వాళ్ల ప్రాణం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే రెండు పనులు చూసుకోవాలి. వాళ్లు రావాల్సిన అవసరం పడకుండా దిగాలి. ఒకవేళ వస్తే, వాళ్లు క్షేమంగా ఇంటికి వెళ్లేలా మనం నడుచుకోవాలి.

1. ముందు ఏరు ఏ స్థితిలో ఉందో కనుక్కోండి

దీనికి ఎంత సమయం పెట్టినా తక్కువే. గోదావరి ఒకే నది కాదు. జూన్‌లో ఒకలా, ఆగస్టులో ఒకలా, సంక్రాంతికి ఒకలా ఉంటుంది.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందకి వెళ్తుంటాయి. 13.75 అడుగులకి రెండోది, 17.75 అడుగులకి మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన నీరు దాదాపు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఇవి మనకి చిన్నప్పటి నుంచి వినబడే లెక్కలే. కానీ చాలామంది కుర్రాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. "ఇంకా మొదటి హెచ్చరిక రాలేదు కదా" అని దిగిపోతారు. ఆ హెచ్చరిక ఊళ్ల కోసం, లంకల కోసం. కయాక్ కోసం కాదు, ఈతగాడి కోసం కాదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన రోజు ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే మొదటి హెచ్చరికలో సగం. ఆ బోటులో 77 మంది ఉన్నారు. బతికినవాళ్లని ముందుగా ఒడ్డుకి చేర్చింది దగ్గర్లోని గిరిజన పల్లెల వాళ్లు, తమ పడవల మీద వచ్చి. మునిగిన బోటుని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం 38 రోజులకి గానీ పైకి తీయలేకపోయింది. అక్కడ కొండల మధ్య నది ఇరుకు, సుళ్లు ఎక్కువ. మన డెల్టాలో ఏరు వెడల్పు. అయినా వడి వడే.

నేను పెట్టుకున్న నియమం చాలా సులువైనది. వరద ఎర్రనీరు వచ్చి, యానాంలో పులస అమ్మకానికి వచ్చిందంటే నా కయాక్ అటక మీదకి వెళ్తుంది. మళ్లీ నీరు తేటపడ్డాకే దించుతాను. భద్రాచలంలో మట్టం పెరిగితే ఆ నీరు మన దగ్గరికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి, వానాకాలంలో ధవళేశ్వరం ఒక్కటే చూడకండి, భద్రాచలం వార్త కూడా చూడండి. పొద్దున మోకాలి లోతున్న ఇసుక తిన్నె సాయంత్రానికి కనబడకపోవచ్చు.

వేసవిలో ప్రమాదం వేరు. ఏరు సన్నబడుతుంది, నీరు నిలిచినట్టు కనిపిస్తుంది, అందరికీ ధైర్యం వస్తుంది. ఇసుక తవ్విన గోతులు ఆ నీటి కింద ఉంటాయి. నాలుగు అడుగులు నడుములోతు, అయిదో అడుగు రెండు నిలువుల లోతు. గోతి అంచు వదులు ఇసుక, కాలు ఆనదు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. దీనికి ఒక్కటే మార్గం: ఆ రేవులో రోజూ దిగేవాళ్లని అడగడం. "బాబాయ్, ఇక్కడ తవ్వారా? లోతు ఎక్కడుంది?" అంటే చెప్పనివాళ్లు ఉండరు.

అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు వెళ్తే పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు దిగడం) చూసుకోకుండా బయల్దేరకండి. నీరు సుమారు ఆరుంపావు గంటలు ఎక్కుతుంది, అంతసేపూ దిగుతుంది. ఆ వేళ రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ లాగుడు ఎక్కువ. పోటు ప్రభావం మొగ నుంచి చాలా దూరం లోపలి దాకా ఉంటుంది కాబట్టి, "మేం సముద్రంలోకి వెళ్లట్లేదు కదా" అనుకోవడం తప్పు. మొగ వైపు వెళ్లేవాళ్లు పొద్దున్నే, గాలి లేవకముందే పని ముగించాలి. సముద్రంలో అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇస్తుంది. మత్స్యకారులు వేటకి వెళ్లని రోజు మీరూ వెళ్లకండి. ఇంతకంటే మంచి వాతావరణ సూచన నాకు తెలియదు.

వంతెనల మీంచి, లాకుల మీంచి కాలువల్లోకి దూకడం గురించి. ఎలా దూకాలో నేను చెప్పను. కాలువలు కట్టేసిన రోజుల్లోనూ, వదిలిన కొత్తలోనూ నీటిమట్టం వారంలోనే మారిపోతుంది. నిరుడు దూకిన చోటే ఈసారి నడుములోతు బురద ఉంటుంది. తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుతుంది, మెడ కింద శరీరం జీవితాంతం పని చేయకుండా పోవచ్చు. లాకుల కింద నీరు పడేచోట ఇంకో ప్రమాదం: పడిన నీరు మళ్లీ వెనక్కి తిరిగి గోడ వైపే లాగుతుంది. గజ ఈతగాళ్లు కూడా అందులోంచి బయటపడలేరు. మా ఊరి కుర్రాళ్లు రీల్స్ కోసం దూకుతుంటే నేను వెళ్లి ఆపుతాను, తిట్టించుకుంటాను, పర్లేదు. వరద రోజుల్లో కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వేలు (ఏటి మీద ఎత్తు తక్కువ దారులు) మునిగితే బండి మీద దాటడం కూడా ఇలాంటి సాహసమే. మోకాలి లోతు పారే నీరు మనిషిని పడగొట్టడానికి చాలు.

2. ఇంట్లో చెప్పి వెళ్లండి, కాగితం మీద రాసి

నోటిమాటగా "గోదారికి వెళ్తున్నా" అంటే చాలదు. గోదారి ఎంత పెద్దదో మనకి తెలుసు. కాగితం మీద ఇవి రాయండి: ఎంతమంది వెళ్తున్నారు, పేర్లేంటి, ఏ రేవులో దిగుతారు, ఏ రేవులో ఎక్కుతారు, పడవ రంగేంటి, జాకెట్ల రంగేంటి, ఎన్నింటికి ఫోన్ చేస్తారు. చివరిగా అన్నిటికంటే ముఖ్యమైనది: ఎన్నింటిలోపు ఫోన్ రాకపోతే 112కి చేయాలి.

ఆ ఆఖరి గడువు లేకపోతే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారో తెలుసా? "వస్తార్లే, సిగ్నల్ లేదేమో" అనుకుంటూ చీకటి పడేదాకా కూర్చుంటారు. చీకటి పడ్డాక వెతకడం పడవవాళ్లకి పదింతలు కష్టం, పదింతలు ప్రమాదం. మీరు పెట్టిన గడువు అమ్మకి ధైర్యం ఇస్తుంది, ఫోన్ చేస్తే నవ్వుతారేమోనన్న బెరుకు పోగొడుతుంది. కాబట్టి గడువు సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు ఉండేలా పెట్టుకోండి.

దిగే రేవులో ఒక పడవవాళ్ల నంబర్ కూడా తీసుకోండి. దిగేటప్పుడు ఒక మాట చెప్పండి, ఎక్కాక ఒక ఫోన్ చేయండి. క్షేమంగా చేరి ఫోన్ చేయకపోవడం చిన్న తప్పు కాదు. మీరు ఇంట్లో పడుకుని ఉంటే మీకోసం నలుగురు రాత్రంతా ఏట్లో వెతికే పరిస్థితి వస్తుంది.

3. ఒంటి మీద, పడవలో ఏముండాలి

లైఫ్ జాకెట్. పడవలో పడేసుకోవడం కాదు, ఒంటికి వేసుకుని అన్ని బకిల్స్ పెట్టుకోవాలి. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చేస్తే అది మీ సైజు కాదు, నీళ్లలో తల మీంచి జారిపోతుంది. ఈత వచ్చినవాళ్లకి జాకెట్ ఎందుకు అంటారు. తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఈత గుర్తుండదు, కాళ్లకి తిమ్మిరి పడితే ఈత సాగదు.

జాకెట్‌కి ఒక విజిల్ కట్టుకోండి. గాలిలో కేక వినబడదు, విజిల్ వినబడుతుంది. ఫోన్ నీళ్లు చొరబడని కవర్లో, మెడకి. పదిహేను ఇరవై మీటర్ల తాడు కావాలి, అది తేలే తాడై ఉండాలి. నైలాన్ తాడు మునుగుతుంది. మన కొబ్బరి తాడు తేలుతుంది, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ తాడు ఇంకా బాగా తేలుతుంది. చిన్నప్పుడు రెండు ఎండు కొబ్బరికాయలు కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లకి ఇంకో సంగతి గుర్తు చేయక్కర్లేదు: పీచుతో ఉన్న ఎండుకాయలు నాలుగు తాడు చివర కట్టి ఉంచితే, అవసరానికి విసరడానికి అంతకంటే మంచి వస్తువు కోనసీమలో దొరకదు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్ అయినా సరే.

మందు తాగి దిగొద్దు. దీని మీద వాదన వద్దు.

4. జెట్ స్కీ, పారాసెయిలింగ్ లాంటివి డబ్బు కట్టి చేస్తుంటే

మీరు డబ్బు కట్టారు కాబట్టి బాధ్యతంతా వాళ్లదే అనుకోకండి. అయిదు నిమిషాలు నిలబడి చూడండి. అందరికీ జాకెట్ ఇస్తున్నారా? ఎవరైనా పడితే తీసుకురావడానికి వేరే పడవ, మనిషి సిద్ధంగా ఉన్నారా? గాలి పెరిగినప్పుడు ఆపుతున్నారా, లేక రద్దీ ఉందని కానిచ్చేస్తున్నారా? లైసెన్స్ చూపించమంటే చూపిస్తున్నారా? అడిగితే విసుక్కుంటే వచ్చేయండి. పోయింది ఒక సరదా, అంతే.

సంతకం పెట్టమని ఇచ్చే కాగితం చదవండి. "ఏం జరిగినా మా బాధ్యత లేదు" అని రాసుకున్నంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యం నేరం కాకుండా పోదు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది. అలాగే మీ ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి తిప్పి చూసుకోండి. చాలా పాలసీల్లో సాహస క్రీడల్లో జరిగిన ప్రమాదానికి డబ్బు రాదని రాసి ఉంటుంది. మీ మీద ఆధారపడినవాళ్లు ఉంటే ఈ సంగతి దిగక ముందే తెలియాలి.

5. మీరే ఇరుక్కుంటే

పడవ తిరగబడితే దాన్ని వదలకండి. బోర్లా పడ్డ పడవ మీకు తెప్ప, దూరం నుంచి వెతికేవాళ్లకి గుర్తు. ఒడ్డు దగ్గర్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, ఈదేద్దాం అనిపిస్తుంది. నీళ్లలో తల ఉన్నప్పుడు దూరం అంచనా తప్పుతుంది.

వడిలో కొట్టుకుపోతుంటే ఎదురీదకండి. వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకి పెట్టుకుని, కొట్టుకుపోతూనే ఏటవాలుగా ఒడ్డు వైపు జరుగుతూ ఉండండి. దిగిన చోటే ఎక్కాలన్న పట్టుదల చాలామందిని ముంచింది. అరకిలోమీటరు కింద ఎక్కితే నడిచి రావచ్చు.

సముద్రంలో అల వెనక్కి లాగేస్తుంటే కూడా ఇదే సూత్రం. ఆ లాగుడు సన్నటి పాయలాగా ఉంటుంది. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అందులోంచి బయటపడ్డాక ఒడ్డు వైపు తిరగండి. ఓపిక లేకపోతే తేలి ఉండి చెయ్యి పైకెత్తండి. అది మిమ్మల్ని కిందకి లాగదు, దూరంగా లాగుతుంది, అంతే. ఊపిరి ఉన్నంతసేపు సమయం ఉన్నట్టే.

కాలు ఊబిలో దిగిపోతే నిలబడి గింజుకోకండి. వెనక్కి ఒరిగి పడుకున్నట్టు బరువు పరుచుకుని, మెల్లగా కాళ్లు ఒక్కొక్కటే ఊడబెరుక్కోండి.

ఇరుక్కున్నట్టు అనిపించగానే విజిల్ వేయండి, 112కి చేయండి. ఇంకాస్త చూద్దాం అని గంట గడిపి, పూర్తిగా ఓపిక పోయాక పిలిస్తే, వచ్చేవాళ్ల పని కష్టమవుతుంది. తొందరగా పిలవడం పిరికితనం కాదు. కాపాడేవాళ్లకి మీరు చేసే మేలు అది.

పడవ వచ్చాక వాళ్లు చెప్పినట్టు చేయండి. పడవ అంచు మీద పడి ఎక్కేయాలని చూడకండి, చిన్న నావ ఒరిగిపోతుంది. మిమ్మల్ని పట్టుకోవడానికి వచ్చిన మనిషి మెడ పట్టుకోకండి. తాడు ఇస్తే తాడే పట్టుకోండి.

6. మీ ముందు ఇంకొకరు మునుగుతుంటే

2025 ఫిబ్రవరి 26న, శివరాత్రి రోజు, తాళ్లపూడి మండలం తాడిపూడి దగ్గర స్నానానికి దిగిన అయిదుగురు యువకులు పోయారు. అదే ఏడాది మే 26న ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర ఎనిమిది మంది. వీళ్లెవరూ సాహసాలు చేయడానికి వెళ్లినవాళ్లు కాదు. ఇలాంటి వార్త మన జిల్లాల్లో ఏటా వింటూనే ఉన్నాం, సంఖ్య ఒకటితో ఆగదు. ఒకడు జారతాడు, పక్కవాడు చెయ్యి ఇస్తాడు, వాడి కోసం ఇంకొకడు. స్నేహితుడు మునుగుతుంటే చూస్తూ నిలబడమని నేను చెప్పట్లేదు. దూకకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి, అవి ముందు చేయమంటున్నాను.

మునిగేవాడు సినిమాలోలాగా కేకలు వేయడు. నోరు నీటి పైకి వచ్చిన క్షణంలో గాలి పీల్చుకోవడమే సరిపోతుంది, అరవడానికి ఊపిరి ఉండదు. నిలువుగా ఉంటాడు, తల వెనక్కి వాలుతుంది, చేతులు పక్కలకి చాచి నీటిని కిందకి తొక్కుతున్నట్టు ఉంటాడు. ఆటలాడుతున్నాడేమో అనిపిస్తుంది. పేరు పెట్టి పిలవండి. జవాబు రాలేదంటే మునుగుతున్నట్టే. మీకున్న సమయం నిమిషం లోపే.

గట్టిగా అరిచి జనాన్ని పిలవండి. ఒకరిని వేలు పెట్టి చూపించి "నువ్వు 112కి చెయ్యి" అనండి. అందర్నీ ఉద్దేశించి అంటే ఎవరూ చేయరు.

చేతికి అందే దూరంలో ఉంటే గట్టు మీద బోర్లా పడుకుని గెడ, తెడ్డు, కొబ్బరి మట్ట, తువ్వాలు, చీర, ఏది దొరికితే అది అందించండి. నిలబడి అందిస్తే మిమ్మల్నీ లాగేస్తాడు. అందనంత దూరమైతే విసరండి: తాడు కట్టిన క్యాన్, ఎండుకాయలు, లారీ ట్యూబు. మనిషి మీదకి కాదు, అతన్ని దాటి ఎగువకి విసిరితే ప్రవాహమే చేతిలోకి తెస్తుంది. అప్పటికీ కాకపోతే పడవ మీద వెళ్లండి.

ఇవేవీ కుదరకపోతే, నీళ్లలో మనిషిని పట్టుకొచ్చే శిక్షణ ఉన్నవాళ్లే, తేలే వస్తువొకటి చేతిలో పట్టుకుని, నడుముకి కట్టిన తాడు ఒడ్డున ఇద్దరికి ఇచ్చి దిగాలి. అప్పుడు కూడా ఆ వస్తువు అతనికి ఇవ్వాలి గానీ చెయ్యి ఇవ్వకూడదు. మునిగేవాడికి మీరు స్నేహితుడు కాదు, ఎక్కడానికి దొరికిన ఆధారం. అతని తప్పు కాదది, శరీరం అలా చేస్తుంది.

మనిషి కనబడకుండా పోతే ఆఖరిగా చూసిన చోటు గుర్తుపెట్టుకోండి. మీరు నిలబడ్డ చోట ఒక రాయి పెట్టండి, అవతలి గట్టున సరిగ్గా ఎదురుగా ఏముందో చూడండి: ఫలానా గుడి గోపురం, వంగిన కొబ్బరి చెట్టు, సెల్ టవర్. ఇంకొకరు వేరే చోటు నుంచి అలాగే చూసి ఉంటే రెండు గీతలు కలిసే చోట వెతకాలి. వచ్చిన ఈతగాళ్లకి ఈ ఒక్క సమాచారం గంటల పని తగ్గిస్తుంది. ఎంతమంది దిగారు, ఎంతమంది పైకి వచ్చారు అన్నది లెక్కపెట్టి నిజం చెప్పండి. ఇంట్లో తెలుస్తుందని భయపడి ఒకరి పేరు దాచినా, తాగిన సంగతి దాచినా, వెతికేవాళ్లు తప్పు చోట వెతుకుతారు.

ఫోన్ నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి. ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్స్ 108, ఫైర్ 101. జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర విపత్తుల సంస్థ 1070. సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093. ఫోన్‌లో మండలం, ఊరు, రేవు పేరు, ఎడమ గట్టో కుడి గట్టో చెప్పండి. "గోదారి దగ్గర" అంటే వాళ్లకి ఏం తెలుస్తుంది?

7. ఒడ్డుకి తెచ్చాక

ఇక్కడ మన ఊళ్లలో పాత అలవాట్లు ప్రాణాలు తీస్తున్నాయి. కాళ్లు పట్టి తలకిందులుగా గిరగిరా తిప్పడం, బిందె మీద బోర్లా పడుకోబెట్టి నొక్కడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. ఇవేవీ చేయకండి. పొట్టలోని నీళ్లు మనిషిని చంపవు. ఊపిరి ఆగడం చంపుతుంది. పొట్ట నొక్కితే లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

భుజం తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి కూడా ఆడకపోతే, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నుదురు మీద ఒక చెయ్యి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల కాస్త వెనక్కి వంచండి. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి, ఛాతీ పైకి లేచేలా అయిదు సార్లు ఊదండి. నీళ్లలో మునిగినవాళ్లకి ఈ ఊపిరే మొదటి మందు. తర్వాత ఛాతీ మధ్యలో ఒక అరచేయి మీద ఇంకో అరచేయి పెట్టి, మోచేతులు వంచకుండా 30 సార్లు నొక్కండి. పెద్దవాళ్లకి లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. మళ్లీ రెండు ఊపిరులు, మళ్లీ 30. 108 వచ్చేదాకా ఆపకండి, రెండు నిమిషాలకి ఒకరు చొప్పున మారండి. కక్కితే మొత్తం శరీరాన్ని ఒక్కసారిగా పక్కకి తిప్పి నోరు తుడిచి మళ్లీ మొదలుపెట్టండి. ఎత్తు నుంచి దూకినవాడైతే మెడ కదలకుండా ఒకరు తల పట్టుకోవాలి.

ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడిబట్టలు తీసి పొడి దుప్పటి కప్పండి. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీటి వల్ల కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలవ్వచ్చు. చుట్టూ మూగినవాళ్లని వీడియోలు తీయకుండా దూరంగా నెట్టే పని ఒకరికి అప్పగించండి. ఆ వీడియో వాళ్లమ్మ ఫోన్‌కి మనకంటే ముందు చేరుతుంది.

8. ఆ తర్వాత మీరు చేయాల్సినవి

ఎవరికైనా ఇలా జరిగితే గట్టు మీద ఒక మాట వినబడుతుంది: "ఎవడు దూకమన్నాడు? వీళ్ల కోసం ఇంకొకళ్లు చావాలా?" ఆ కోపం నాకు అర్థమవుతుంది. తెలిసి దిగినవాడి తప్పు తప్పే. కానీ ఆ లెక్క నీళ్లలో ఉన్నప్పుడు తేల్చేది కాదు. ముందు మనిషిని తేవాలి, తర్వాత తిట్టాలి. తప్పు చేసినవాడు కాబట్టి వదిలేద్దాం అనే మాట ఒకసారి అలవాటైతే, రేపు జారిపడ్డ చిన్నపిల్లకీ, లంకకి పాలు పోయడానికి వెళ్లిన మనిషికీ అదే మాట తగులుతుంది. బాధ్యత మోయాల్సింది బతికి బయటపడ్డాక, ఒడ్డు మీద.

కాబట్టి బతికి బయటపడ్డాక ఇవి చేయండి. పోలీసులు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. తోటివాళ్ల మీదకో, నిర్వాహకుల మీదకో మొత్తం తోసేయకండి. మీ గుంపులో ఎవరైనా పోతే వాళ్లింటికి మీరే వెళ్లండి, ఆఖరి గంటలో ఏం జరిగిందో ఆ తల్లిదండ్రులకి మీ నోటితో చెప్పండి. వాళ్లు తిడితే పడండి. నాకు తెలిసి ఇంతకంటే కష్టమైన పని లేదు, కానీ వాళ్లు జీవితాంతం ఊహించుకుంటూ ఉండకుండా ఉండాలంటే మీరు వెళ్లాలి.

ఏ రేవులో ప్రమాదం జరిగిందో అక్కడ గోతి ఉందనో, సుడి ఉందనో తెలిస్తే పంచాయతీలో రాతపూర్వకంగా ఇవ్వండి, బోర్డు పెట్టేదాకా వదలకండి. ఒక వెదురు పాతి ఎర్రగుడ్డ కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మిమ్మల్ని తెచ్చినవాళ్లకి ఏం పోయిందో అడగండి. డీజిల్, ఆ రోజు వేట, వల, ఫోన్ తడిసిపోవడం. అడగకపోతే వాళ్లు చెప్పరు. మేం ముగ్గురం మర్నాడు పొద్దున్నే అంతర్వేది వెళ్లాం. డబ్బు ఇవ్వబోతే ఆ బాబాయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఏట్లో ఉన్న మనిషిని తెస్తే డబ్బు తీసుకుంటారా బాబూ" అన్నాడు. పిన్ని మాత్రం గుమ్మంలో నిలబడి, వల ఎన్ని మూరలు పోయిందో, కన్ను ఎంతుండాలో, ఏ నంబరు దారమో లెక్కగా చెప్పింది. నర్సాపురం వెళ్లి అదే వల కొని, సాయంత్రానికి తెచ్చి ఇచ్చాం. ఆయన దాన్ని అరుగు మీద పరిచి, కన్ను కన్నూ చూసుకుంటూ, మొగ దగ్గర పాటు ఏ వేళకి తిరుగుతుందో, గాలి ఎటు నుంచి లేస్తే వెనక్కి వచ్చేయాలో మాకు చీకటి పడేదాకా చెప్పాడు. ఇప్పటికీ అటు వెళ్లే ముందు రోజు రాత్రి ఆయనకి ఫోన్ చేస్తాను. వద్దంటే వెళ్లను.